ఐదు గళ్లు

బుసియాలో వీధి మారకుండానే దేశం మారుతుంది.
ఒకటే మబ్బు. ఇటు రేకుల మీద కెన్యా వాన,
అటు రేకుల మీద ఉగాండా వాన.
నా చంకలో తడవకూడని కాగితాల కట్ట,
మెడలో తాడుకు వేలాడుతూ నా ఫొటో.

నలభై ఏడో ప్రశ్న దగ్గర
అందరూ ఒకసారి నా మొహంలోకి చూస్తారు:
తూర్పు ఆఫ్రికా దేశాలన్నీ ఒక్క ప్రభుత్వం కిందికి రావడం
మీకు ఇష్టమేనా?
పూర్తిగా, కొంతవరకు, చెప్పలేను,
అంతగా కాదు, అసలే కాదు.
ఐదు గళ్లు, ఒక్క టిక్కు.

తాకా సైకిలు మీంచి గుడ్ల అట్టలు దించుతోంది.
ప్రశ్న ఇంకా నా నోట్లో సగం ఉండగానే అంది:
"అటు గుడ్డు చవక, ఇటు గుడ్డు పిరియం.
నడుమ ఒక గేటు, గేటుకొక జేబు.
పైవాళ్లు కలుస్తారో కొట్టుకుంటారో నాకెందుకు,
ఆ జేబు పోతే చాలు.
రాసుకో, పూర్తిగా."
రాసుకున్నాను.

ఓజియాంబోకి ఊరి చివర రెండొందల కోళ్లు.
నన్ను కుర్చీలో కూర్చోబెట్టి
జెండా గురించి పావుగంట మాట్లాడాడు,
తాతల గురించి, కాల్చిన ఇళ్ల గురించి,
స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి వాళ్లమ్మ వండిన కూర గురించి.
ఆ పావుగంటలో దాణా బస్తా ధర
మూడుసార్లు చెప్పాడు.
అసలే కాదు.
కారణం రాయడానికి గీత ఒక్కటే ఉంది,
"దేశభక్తి" అని రాశాను. అది అందులో పట్టింది.

ఎకిసాది చేతులతో తిప్పే మూడు చక్రాల బండి.
కింద సోడా పెట్టెలు, పైన పిండి బస్తాలు,
వాటన్నిటి మీద రాజులా తను.
కాళ్లు లేవనివాడి బండిని ఆపకూడదని
ఈ గేటుకి ఎప్పటిదో ఒక మర్యాద.
"సుంకం ఉన్నన్నాళ్లే ఈ కాళ్లు నాకు అన్నం పెట్టాయి.
గేటు ఎత్తేస్తే లారీ పోతుంది,
లారీకి నాతో ఏం పని?"
మరి ఏ గడి?
"మా అక్క అటే ఉంది. చచ్చిపోయిన మా అమ్మనీ అటే పెట్టాం.
కలిస్తే బాగుంటుంది. కలవకూడదు.
రెండు చోట్ల పెట్టొచ్చా?"
పెట్టకూడదు.
"అయితే నీ ఇష్టం, వాన తగ్గింది"
అని చక్రం తిప్పుకుంటూ వెళ్లిపోయాడు.
చెప్పలేను గడిలో పెట్టాను,
అంత స్పష్టంగా చెప్పినవాణ్ణి.

వారం తర్వాత ఆఫీసు పంపింది,
పదిమందిలో ఒకరిని మళ్లీ అడిగి సరిచూడమని.
చీటీలో తాకా పేరు వచ్చింది.
సైకిలు గోడకి ఆనించి ఉంది, వెనక అట్టలు ఐదే.
"అసలే కాదు" అంది, నేను నోరు తెరవకముందే.
పోయిన వారం పూర్తిగా అన్నావే?
"పోయిన వారం లారీ రాలేదు.
మొన్న కంపాలా నుంచి వచ్చింది, ఇంత పొడుగు,
లోపల అన్నీ గుడ్లే.
గేటు దగ్గర ఒక్కడూ చెయ్యెత్తలేదు.
జేబు పోవాలన్నాను గానీ,
నాకొక్కదానికే పోవాలని చెప్పడం మరిచాను."

తనే నవ్వింది.
నవ్వి, ఒక గుడ్డు ఎండకెత్తి చూస్తూ అడిగింది:
"నువ్వు ఇలా తిరిగినందుకు ఎంతిస్తారు?"
కాగితానికింత.
"ఏ డబ్బులో?"
డాలర్లలో అని లెక్క,
చేతికి మాత్రం షిల్లింగులే వస్తాయి.
"అయితే నువ్వు ఎప్పుడో కలిసిపోయావు"
అంది, ఎండలోంచి గుడ్డు దించకుండానే.

నలభై ఎనిమిదో ప్రశ్న అడగలేకపోయాను.
నెర్రె పడిన గుడ్డొకటి తీసి
నా కాగితాల మీద పెట్టింది.
"సగం ధరకి తీసుకుపో."

ఏ షిల్లింగులో అని అడిగాను.